తువ్వాలు కింద పిడికిలి

ఎస్సై శ్రీరాములు పేరు ఎవరన్నా ఎత్తితే దొరస్వామి ముందు పక్కకు తిరిగి ఉమ్మేవాడు, తరవాతే మాట్లాడేవాడు. తమ్ముడు మునిచంద్ర కడప జైల్లో ఆరో ఏడు గడుపుతుంటే, ఆ పెద్దమనిషి కుప్పంలో మేడ కట్టి, పింఛను తింటూ, ఉయ్యాలబల్ల మీద ఊగుతున్నాడు.

దొరస్వామి అయిదో తరగతితో బడి మానేసి పుంగనూరు పశువుల సంతలో దళారీగా కుదురుకున్నాడు. తాను మానేసిన చదువంతా తమ్ముడికి చెప్పించి పోలీసును చేశాడు. మదనపల్లె కుర్రాడు బ్లెస్సన్‌ను బైకు దొంగతనమని పట్టుకొచ్చిన రోజు శ్రీరాములు ఎస్సైగా ఉన్న స్టేషను దగ్గర పారా కాసింది ఆ తమ్ముడే. సాయంత్రానికి కుర్రాడు లాకప్పులో శవమయ్యాడు. ఎస్సై ఆ పూట బందోబస్తుకు వెళ్లినట్టు స్టేషను డైరీలో ఉంది. కోర్టు అడిగితే మునిచంద్ర తల వంచుకున్నాడే తప్ప నోరు విప్పలేదు. పదేళ్లు పడింది. అన్న అడిగినా అంతే.

కేసు ఖర్చులకు చేను అమ్మాల్సి వచ్చినప్పుడు శ్రీరాములే వచ్చి, వి.కోటలో తెలిసినవాడున్నాడని బేరం కుదిర్చాడు. దొరస్వామి ఆ రోజు అతడికి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

ఈ ఏడు లాయరు షైలజమ్మ దారి చూపించింది. "గవర్నరుకు క్షమాభిక్ష అర్జీ పెడదామప్పా. జైల్లో నడవడి బాగుండాది. అయితే సచ్చిపోయినోడి తల్లి కూడా రాసిస్తేనే ఫైలు కదిలేది."

ఆ తల్లి జ్ఞానమ్మ ఇల్లు మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక సందులో ఉంది. దొరస్వామి వెళ్లేసరికి చర్చి ఆడవాళ్లు ముగ్గురు ఆమెతోపాటు అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్నారు. ఎవరి తరపున వచ్చాడో చెప్పాడు. అంతమందిలో డబ్బు మాట నోటితో అనలేక, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలు తీసి కుడిచేతి మీద కప్పుకుని ముందుకు చాచాడు. సంతలో బేరం అంతే. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లయితే అంత ధర, పక్కవాడికి తెలియదు.

జ్ఞానమ్మకు అది కొత్త కాదు. ఆమె భర్త పాడావులు కొన్నది ఆ సంతలోనే. తువ్వాలు కిందికి చెయ్యి పెట్టింది. మూడు వేళ్లు తగిలాయి. మూడు లక్షలు. ఆమె ఆ మూడింటినీ ఒక్కొక్కటే మడిచి, పిడికిలి చేసి, గట్టిగా నొక్కి వదిలింది. ఈ పశువు అమ్మకానికి లేదు అని దానర్థం.

"ఏమప్పా, నా బిడ్డేమన్నా కోడెదూడనుకుంటివా?"

దొరస్వామి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "తప్పయిపోయింది తల్లీ. సంతలో పెరిగినోణ్ణి, ఇంకో తీరు తెల్దు."

"తెల్దని సూస్తానే తెలస్తాండాది లే," అంది పక్కనున్నావిడ. ఆడవాళ్లు నవ్వారు. జ్ఞానమ్మ నవ్వలేదు.

"నాకు దుడ్లొద్దు. ఆ పొద్దు నా బిడ్డను ఎవురు కొట్టిరి, వాడు కడాకు ఏమని సచ్చిపాయ, మీ తమ్ముడికి తెలుసు. అది రాసియ్యమను. ఆ కాగితం నా సేతికొచ్చిన పొద్దు నీ కాగితం మీద నేను సంతకం పెడతా. యేలిముద్ర కాదు, సంతకమే."

తమ్ముడు నోరు విప్పాలంటే శ్రీరాములే చెప్పాలనుకుని దొరస్వామి అక్కడినుంచి కుప్పం బస్సెక్కాడు.

శ్రీరాములు ఉయ్యాలబల్ల దిగలేదు. "ఆ కేసుకూ నాకూ ఏం సంబంధమప్పా? నేను ఆ పొద్దు ఊర్లోనే ల్యాకుంటి. యాల నన్ను ఈడ్చేది?"

అతడి భార్య కమలాక్షి మాత్రం మంచి ఇల్లాలు. వచ్చినవాడిని ఊరికే పంపలేక మామిడిపండు కోసి పళ్లెంలో పెట్టింది. "తినప్పా, మా చేన్లోదే."

దొరస్వామి ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. పక్కనే కోయని పండు భుజం ఎర్రగా, కొన చిలకముక్కులా వంగి ఉంది. చిలకముక్కు కాయలు ఊరూరా ఉన్నా, ఆ ఎర్ర భుజంతో, ఆ తీపితో కాసే చెట్టు దొరస్వామి ఎరిగినంతలో ఒక్కటే ఉంది. దొరస్వామి నాయన ఎక్కడినుంచో కొమ్మ తెచ్చి స్వయానా అంటు కట్టిన చెట్టు, అమ్మేసిన చేన్లోది.

"చేను యాడుండాదమ్మా?"

"పుంగనూరు దావలో, బావి కాడ. ముందు ఆయన మనిషి పేరుతో ఉండె. రెండేండ్లాయ, నా పేరుకు మార్పించినాడు."

శ్రీరాములు ఊగడం ఆపాడు. దొరస్వామి ముక్క మింగి, పళ్లెం పక్కన పెట్టి లేచాడు.

కడప ములాఖాత్‌లో జాలీ అవతల నిలబడ్డ తమ్ముడికి ఆ సంగతే చెప్పాడు. అరవలేదు. "మన నాయిన చెట్టు కాయ ఆయప్ప పళ్లెంలో తిని వస్తాండాను రా. నువ్వు నోరు మూసుకుండేది ఆయప్ప కోసరమా?"

మునిచంద్ర రెండు చేతులా జాలీ పట్టుకున్నాడు. "మీ కుటుంబాన్ని నేను సూసుకుంటానని మాటిచ్చినాడన్నా," అన్నాడు.

"సూసుకున్నాడు లే. సెంటు మిగల్లా."

వారం తిరగకముందే జైలరు ముద్రతో నాలుగు పేజీలు వచ్చాయి. దొరస్వామి వాటిని మదనపల్లె తీసుకుపోయి జ్ఞానమ్మ చేతికిచ్చాడు. కొట్టింది శ్రీరాములు. బందోబస్తుకు వెళ్లినట్టు డైరీలో దొంగరాత రాయించిందీ అతడే, రాసిన చెయ్యి మాత్రం మునిచంద్రది. తలుపు తీయి సార్ అని కుర్రాడు మూడుసార్లు పిలిచాడు. తాను తీయలేదు. కడపటి మాట: "మాయమ్మకు బీపీ ఉండాది సార్, మెల్లగా సెప్పండి."

అక్కడికి వచ్చేసరికి జ్ఞానమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆడవాళ్లు ఆమె వీపు నిమురుతుండగా చాలాసేపు ఏడ్చింది. తరవాత కళ్లు తుడుచుకుని, గవర్నరుకు రాయాల్సింది లాయరు రాసిన మాటల్లో కాదని, తన మాటల్లోనే రాసింది: "ఇతను తలుపు తీయలేదు. అది నేను మరిచిపోను. కానీ నిజం చెప్పినాడు. మిగిలిన శిక్ష కొట్టేసి బయటికి పంపండి. కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పల్ల."

ఫైలు కలెక్టరు, ఎస్పీ, హోంశాఖ అంటూ ఏడు నెలలు తిరిగింది. మిగిలిన శిక్ష రద్దయింది. జైలు గేటు దాటిన మునిచంద్ర పుంగనూరు పోలేదు, నేరుగా మదనపల్లె సందులోకి నడిచాడు. జ్ఞానమ్మ కాళ్ల మీద పడబోతే ఆమె పక్కకు జరిగింది. "నా కాళ్లెందుకప్పా? కోర్టుకు పో."

పోయాడు. చెప్పాడు. కేసు మళ్లీ తెరిచారు. శ్రీరాములు పెట్టుకున్న ముందస్తు బెయిలు అర్జీని హైకోర్టు కొట్టేసింది. కుప్పంలో ఆ మేడ ముందు జీపు ఆగిన రోజు దొరస్వామి లాయరు చెప్పిన కబురుతో పొద్దున్నే వెళ్లి ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గర నిలబడ్డాడు. జ్ఞానమ్మను కూడా తీసుకెళ్లాడు. ఒకప్పుడు తనకు సెల్యూట్ కొట్టిన స్టేషనువాళ్లే రెండు పక్కలా పట్టుకుని నడిపిస్తుంటే శ్రీరాములు టీ బంకు దగ్గరి ఇద్దరినీ చూసి ఆగాడు.

"దొరస్వామప్పా," అన్నాడు గొంతు తగ్గించి, "చేను నీ పేరుకే రాయిస్తా. తమ్ముణ్ణి సాక్ష్యం మార్చుకోమంటే చాలు. ఎంత కావల్లో చెప్పు."

దొరస్వామి భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుని ముందుకు చాచాడు. శ్రీరాములు ముఖం వెలిగింది. ఆత్రంగా లోపల చెయ్యి పెట్టాడు. వేళ్ల కోసం తడిమాడు.

పిడికిలి తగిలింది.

పక్కన జ్ఞానమ్మ నవ్వింది. ఆమె నవ్వడం దొరస్వామి చూసింది అదే మొదలు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇద్దరికీ టీ చెప్పాడు. పుంగనూరు దారిలో నాయన తవ్విన బావితో, అంటు కట్టిన చెట్టుతో సహా ఎకరా అరవై మూడు సెంట్ల ఆ చేను పోయినట్టే పోయింది.