ఫిలోమినా నోరు, జేవియర్ నరం

యానాం చేపల బజారులో పొద్దున్నే వేలం పాడేది ఫిలోమినా. ఆమె గొంతు విప్పితే ఫరంపేటలో పిల్లలు ఉలిక్కిపడి లేస్తారని జనం చెప్పుకుంటారు. అందులో అతిశయోక్తి కొంచెమే. అలాంటి మనిషి నెలరోజులుగా చేతి సైగలతో వేలం నడుపుతోంది.

కారణం ఆమె మొగుడు జేవియర్. తలనొప్పని కాకినాడ వెళితే, మెదడులో ఒక రక్తనాళం మినపగింజంత ఉబ్బిందని తేలింది. "బీపీ పెరగకూడదు, ప్రశాంతంగా ఉంచండి" అన్నాడు డాక్టరు. ప్రశాంతమంటే చప్పుడు లేకపోవడమేనని ఫిలోమినా తీర్మానించేసింది. ముప్ఫయ్యేళ్లుగా తన అరుపులు తగిలి తగిలే ఆ నరం ఉబ్బిందని కూడా తీర్మానించింది. ఈ రెండో సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. లోలోపలే కుమిలిపోయింది.

దాంతో వీధి వీధంతా గుసగుసల్లో పడింది. ఆటో అమ్మిరాజు హారన్ మానేసి, బండి దిగొచ్చి ఒక్కొక్కరి చెవిలో "తప్పుకోండి" అని చెప్పేవాడు. బజారులో ఒకాయన ఈగను తోలుకుంటే అది పాటకింద లెక్కగట్టి గంపెడు రొయ్యలు అతనికి అంటగట్టారు. పాపం, లబోదిబోమన్నాడు. అదీ నోరు మూసుకునే.

జేవియర్‌కి మొదటి వారం పండగే. పెళ్లయ్యాక మొదటిసారి ఒక మాట చివరిదాకా చెప్పగలిగాడు. రెండో వారానికి చెప్పాల్సినవి అయిపోయాయి. మూడో వారానికి నిద్ర కరువైంది.

"ఏవే, ఒకపాలి తిట్టవే. నేనప్పుడే పోయినట్టూ, నువ్వు నా శవప్పెట్టి పక్కన కూర్చున్నట్టూ ఉందే" అని బతిమాలాడు.

ఆమె పెదాలమీద వేలు పెట్టి చూపించి, వంటింట్లోకెళ్లి చప్పుడు రాకుండా ఏడ్చింది.

నెల తిరిగాక డాక్టరు ఎమ్మారై రాశాడు. నరంలోకి మందు ఎక్కించి ఫొటో తీస్తారట. ఉబ్బిన చోట నరం గోడ మెరిస్తే అక్కడ వాపు ఉన్నట్టు, పగిలే భయం ఎక్కువ, ఆపరేషన్ ఆలోచించాలి. మెరవకపోతే ప్రస్తుతానికి కాస్త నిమ్మళం. జేవియర్ మెళ్లో శిలువ గొలుసు తీసి ఫిలోమినా చేతిలో పెట్టి లోపలికెళ్లాడు. చెవుల్లో దూదిలాంటివేవో కుక్కారు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

తలుపు వేయగానే అర్థమైంది. రేకులషెడ్డు మీద ఇటుకలు కుమ్మరించినట్టు మొదలైంది మోత. ఫిలోమినా మిషను నడిపే అబ్బాయి కుర్చీ దగ్గరికెళ్లి, "బాబ్బాబు, దాన్ని కొంచెం మెల్లిగా తిప్పండి, ఆయన నరం పల్చనండి" అంది గుసగుసగా.

"ఏంటమ్మా? గట్టిగా చెప్పండి!" అన్నాడతను.

గట్టిగా ఎలా చెబుతుంది? మూడుసార్లు గుసగుసలాడి, కూలబడి జపమాల తిప్పుకుంది.

ముప్పావుగంటకి జేవియర్ కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "నిద్ర పట్టేసిందే! అచ్చం నువ్వు పక్కన వేలంపాట పాడుతున్నట్టే ఉంది."

సాయంత్రం డాక్టరు ఫొటోలు చూసి, "గోడ మెరవలేదు. మాత్రలు మానకుండా ఆరు నెలలకోసారి చూపించుకోండి" అన్నాడు.

ఆమె నెలరోజులు దాచుకున్నది అడిగేసింది. "డాక్టరుగారండీ, ఇది నా నోటివల్ల వచ్చిందాండీ?"

"మీ నోటికీ దీనికీ సంబంధమేం లేదమ్మా. ఆయన బీపీకీ, రోజుకి నాలుగు చుట్టలకీ ఉంది."

"చుట్టలా?"

జేవియర్ గోడకేసి చూశాడు. చుట్ట మానేసి మూడేళ్లయిందని ఆయన మేరీమాత సాక్షిగా ఒట్టేశాడు మరి.

ఫిలోమినా నోరు తెరిచింది. మొదట గొంతు కీచుమంది, తర్వాత నెలరోజుల బాకీ ఒక్కసారిగా ఊడిపడింది. వరండాలో నర్సులు పరుగెత్తుకొచ్చారు. డాక్టరు చెవులు మూసుకున్నాడు. తిడుతూనే ఆమె శిలువ గొలుసు మొగుడి మెళ్లో వేసింది, వేస్తూనే ఏడ్చింది.

జేవియర్ కళ్లు తుడుచుకుని, కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.