అరుణ పేరు మీద సూది

మా అత్త భద్రమ్మకు దేవతలంటే ఎంత భక్తో, కోడళ్లంటే అంత చులకన. వరంగల్ చౌరస్తాలో మాకు కిరాణా దుకాణం. ఇంట్లో ఇద్దరం కోడళ్లం. పెద్దదాన్ని నేను, రాజేశ్వరిని, ముగ్గురు ఆడపిల్లల తల్లిని. చిన్నది అరుణ, మా మరిది సారంగపాణి భార్య. పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండలేదు.

ఎమర్జెన్సీ వచ్చిన మరుసటి మాఘమాసంలో అత్త మేడారం జాతరకు ప్రయాణం కట్టింది. అరుణ ఎత్తు బెల్లం తూచి సమ్మక్కకు ఇస్తే బిడ్డ పుడతాడని ఆమె నమ్మకం. సరిగ్గా అప్పుడే ఊళ్లో గత్తర మొదలైంది. గత్తర రాకుండా కలరా సూది వేసుకుని, చీటీ చూపిస్తేనే జాతర బస్సు ఎక్కనిస్తామన్నారు.

"గత్తర సూదని పేరు గని, అది కడుపు మూసే సూదంట," అంది అత్త. "ఊర్లల్ల మొగోళ్లను జీపులెక్కిచ్చుకపోయి ఆపరేషన్లు చేస్తాండ్రు. ఆడోళ్లకు గిట్ల పొడుస్తాండ్రు."

అరుణ పదో తరగతి దాకా చదివిన పిల్ల. "గట్లేం గాదత్తమ్మా. నేను పొడిపిచ్చుకుంట. ఊరంత గత్తరున్నది," అంది.

"నువ్వు నోర్ముయ్యి. పెద్దదానికి ఇగ కాన్పులెందుకు? ముగ్గురాడపిల్లలను కన్నది సాలదా? అదే రెండు సూదులు పొడిపిచ్చుకుంటది. ఒకటి దాని పేరు మీద, ఒకటి నీ పేరు మీద."

నేను అక్కడే కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఒళ్లు మండిపోయింది. అయితే అత్త మీద కాదు, అరుణ మీద. ఆ దిక్కుమాలిన మాట నేనూ నమ్మాను మరి. నాకూ ఒక కొడుకు కావాలని ఉంది. ఆమె కడుపు కోసం నా కడుపు మూస్తున్నారని కుళ్లిపోయాను. "అక్కా, నువ్వన్న చెప్పరాదు అత్తమ్మకు," అని అరుణ బతిమాలితే, "నీది బంగారు కడుపాయె, దాచుకో," అని విదిలించేశాను.

బస్టాండు దగ్గర పొద్దున ఒక సూది వేయించుకున్నాను. భర్త పేరడిగితే నాకు నోరు రాలేదు. కట్టుకున్నవాడి పేరు ఏనాడు పలికాను గనుక? అత్తే చెప్పింది. మధ్యాహ్నం సూదులేసే మనిషి మారాక మళ్లీ వెళ్లి, రెండో చెయ్యి చాపాను. అరుణ పేరు చెప్పాను. భర్త పేరడిగితే సారంగపాణి అని గలగలా చెప్పేశాను.

చీటీలు రాసేవాడు తలెత్తాడు. "ఏందమ్మా, మొగని పేరు గింత ధైర్నంగ చెప్తాన్నవ్?" అని నవ్వి, ముద్ర కొట్టి ఇచ్చాడు.

జాతర నుంచి వచ్చిన రెండో రోజు తెల్లారేసరికి అరుణకు వాంతులు, విరేచనాలు. మా వీధిలో వైద్యం చేసే రాజమల్లు వచ్చాడు.

"సూది పడ్డదా?" అన్నాడు.

అత్త కొంగుముడి విప్పి చీటీ చూపింది.

"అయితే గత్తర గాదు. జాతర తిండి పడలె. ఫికర్ చెయ్యకుండ్రి," అని గోలీలిచ్చాడు.

అరుణ కళ్లు గుంటలు పడ్డాయి. గొంతు పెగలడం లేదు. నా చెయ్యి పట్టుకుని నా మొహంలోకే చూసింది. ఆ చీటీ అబద్ధమని నేను ఒక్క మాట చెబితే, అప్పుడే దవాఖానకు తీసుకుపోయి సెలైన్ ఎక్కించేవారు. అత్త నావైపు గుడ్లురిమింది. నేను నోరు తెరవలేదు. దొంగ చీటీకి పోలీసులు పట్టుకుంటారని భయపడ్డానని తర్వాత్తర్వాత అందరికీ చెప్పుకున్నాను. అదీ ఉంది. కానీ కాసేపు బాధపడనీ అని కూడా అనుకున్నాను. కాసేపే అనుకున్నాను.

సాయంత్రానికి కాళ్లు కొంకర్లు పోయాయి. అప్పుడు రిక్షా పిలిచారు. దవాఖాన చేరకముందే నా ఒళ్లోనే అరుణ ప్రాణం పోయింది.

మూడో రోజు పరామర్శకు ఆడవాళ్లంతా వచ్చారు. అత్త గుండెలు బాదుకుంటూ నావైపు చెయ్యి చూపింది. "నా చిన్నకోడలి సూది గూడ ఈ ముండనే పొడిపిచ్చుకున్నదమ్మా! దాని పానం ఇదే మింగింది!"

అందరూ నన్ను చూశారు. పొడిపించింది నువ్వే కదా అని అరవబోయాను. రెండో సూది పడ్డ చోట గడ్డ ఇంకా కరగలేదు. దాన్ని కొంగుతో కప్పుకుని తల వంచుకున్నాను.