ఎడమ పక్క గాలి

మా పాత కారు ఏసీలో గ్యాస్ అయిపోయింది. నా కాలికి పిండికట్టు ఉండటంతో మెకానిక్ చక్రి బ్రూక్షాబాద్‌లోని మా ఇంటికే సిలిండర్ పట్టుకొచ్చాడు. గ్యాస్ ఎక్కుతున్నంతసేపూ ఎవరో ఒకరు కార్లో కూర్చుని రేస్ ఇస్తూ ఉండాలన్నాడు.

పన్నెండేళ్లుగా నేను ఎవరినీ ముట్టుకోనివ్వని డ్రైవర్ సీట్లో మా ఆవిడ ఎరుకమ్మ కూర్చుంది. నేను కుంటుకుంటూ వెళ్లి ఎడమ పక్కన ఆమె సీట్లో కూలబడ్డాను.

"మెల్లగా. అదేం కుట్టుమిషను కాదు, అలా తొక్కడానికి," అని విసుక్కున్నాను.

"భయ్యా, మీరు చుప్‌చాప్ కూర్చోండి. దీదీ బరాబర్ తొక్కుతున్నారు," అన్నాడు చక్రి బానెట్ అవతల నుంచి.

కాసేపటికి ఆమె ముంగురులు గాలికి ఎగరసాగాయి. నా మొహాన మాత్రం చెమటే. ముందున్న ఏసీ జాలీకి అరచెయ్యి అడ్డం పెట్టి చూశాను.

"ఇటు గాలి రాదేంటి?"

"అటు ఎప్పుడూ రాలేదండి," అంది ఆమె, పెడల్ మీది కాలు కదపకుండా.

"మరి చల్లగా ఉందా అని అడిగినప్పుడల్లా ఉందనేదానివి?"

"మీరు అంత సంబరంగా అడుగుతుంటే లేదని ఎలా చెప్పను?"

మధ్యలో ఉన్న జాలీలు రెండూ డ్రైవర్ వైపే తిరిగి ఉన్నాయి, నేను ఎప్పుడో పెట్టుకున్నట్టే. ఆమె ఎడమ చెయ్యి చాచి వాటిని నా వైపు తిప్పింది.

పన్నెండేళ్లలో నాకు తోచని పని అది.