చెయ్యి ఆనే చోటు

కుదురుగా కూర్చోవడం నా వల్ల కాదు. చిన్నప్పుడు నాకు అన్నం పెట్టాలంటే గిన్నె పట్టుకుని అమ్మ ఇల్లంతా తిరిగేదట. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా నా చేతులు ఊరుకోవు. యాక్సిడెంటయిన కార్లకి సొట్టలు తీసి రంగు కొట్టడం నా పని. నేను కొట్టాక ఓనరే వచ్చి, దెబ్బ ఎక్కడ తగిలిందా అని వెతుక్కోవాలి. "చూడండి, ఏం కాలేదు" అంటూ తాళాలిస్తాను. అందుకే షెడ్డులో నాకు 'ఏంకాలేదు' అని పేరు పెట్టారు.

అయింది మాత్రం ఒకటుంది. ఏడు నెలల కిందట అక్కని స్కూటర్ మీద వెనకాల కూర్చోబెట్టుకుని, ముందున్న లారీని దాటేద్దామని తొందరపడ్డాను. నాకు మోకాలు గీరుకుపోయింది. అక్కకి కుడి మణికట్టు విరిగింది, లోపల స్టీలు ప్లేటు వేశారు. అక్క బ్యాండ్‌లో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంది. పదమూడేళ్ళుగా అదే గిటార్. ఆ రోజు నుంచి గిటార్ పెట్టెలో, పెట్టె బీరువా మీద. బ్యాండ్ వాళ్ళకి మెట్ల మీద జారానని చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ నోరెత్తలేదు. అక్క తిట్టినా బాగుండేది.

ఒక ఆదివారం రాత్రి భోజనాల దగ్గర అక్క మామూలుగా అంది. "వచ్చే ఆదివారం బ్యాండ్ వాళ్ళు వస్తున్నారమ్మా. చెయ్యి ఆడితే సరే, లేదంటే వాళ్ళు ఇంకొకళ్ళని చూసుకుంటారు. గిటార్ ఎవరికైనా ఇచ్చేస్తా."

చేతిలో ముద్ద కంచంలో వదిలేశాను. తమ్ముడన్నాక ఏదో ఒకటి చెయ్యాలి, కానీ చెయ్యి బాగుచెయ్యడం నాకు రాదే! నాకొచ్చింది రంగు కొట్టడం ఒక్కటే. షెడ్డుకి సెలవు పెట్టేశాను.

అక్క నర్సరీ స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పుతుంది. అటునుంచటే చేతి వ్యాయామానికి వెళ్ళి సాయంత్రం ఇంటికొస్తుంది. సోమవారం ఆమె గడప దాటగానే పెట్టె దించాను. తీగలు విప్పాను. తీగల కిందుండే ప్లాస్టిక్ పలక మరలు తీసి, లోపలి వైర్లకి టేపు ముక్కలు చుట్టి గుర్తులు రాసుకున్నాను. వెనక నాలుగు మరలు తీస్తే మెడ ఊడొచ్చింది. మిగిలిన చెక్క ఒంటిని వెనకాల సామాన్ల గదికి మోసుకెళ్ళాను.

ఎర్ర రంగు, అక్కడక్కడా గీతలు. కుడిచెయ్యి ఆనే పైఅంచు దగ్గరయితే అరచేతి కంటే పెద్ద ముక్క రంగు పూర్తిగా పోయి చెక్క బయటపడింది. కారు తలుపు ఇలా ఉంటే నాకు నిద్ర పట్టదు.

అమ్మ గుమ్మంలో నిలబడింది. "దానికో మాట చెప్పి చెయ్యరా."

"చెప్తే సర్‌ప్రైజ్ ఏముంటుందమ్మా?"

"నీ మొహం సర్‌ప్రైజ్! వస్తువు దానిది."

"చూశాక నువ్వే ముక్కున వేలేసుకుంటావు, వెళ్ళు."

వేడిగాలి ఊదే హీట్ గన్ పెట్టేసరికి రంగు బుడగలుగా లేచింది. కింద పల్చటి రేకు దూర్చి తోస్తే అప్పడాల్లా ఊడింది. ఆ వాసనకి కళ్ళు మండాయి. మంగళవారమంతా గరుకు కాగితంతో రుద్దాను, ముందు ముతకది, తర్వాత సన్నది. రంగు పోయిన చోట చెక్క కాస్త అరిగి పల్లమయింది. పుట్టీ పెట్టి, ఆరనిచ్చి, రుద్ది సమానం చేశాను. వేలితో తడిమితే ఏమీ తెలియలేదు. నా భుజం నేనే తట్టుకున్నాను.

బుధవారం దుమ్ము లేవకుండా నేల తడిపి, గిటార్‌ని కొక్కేనికి వేలాడదీసి అడుగున ప్రైమరు, దాని మీద ఎరుపు, పైన మెరుపు పూత కొట్టాను. ఇక ఆరడమే. ఆరడమంటే ఎదురుచూడటం, నాకు చేతకానిది అదే. పది నిమిషాలకోసారి వెళ్ళి చూసొచ్చాను.

"ఏంట్రా కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" అంది అమ్మ.

గురువారం పొద్దున ఇక ఆగలేక బొటనవేలు ఆనించాను. ముద్ర పడింది! నన్ను నేను తిట్టని తిట్టు లేదు. మళ్ళీ రుద్ది, మళ్ళీ పూత. గది తలుపుకి తాళమేసి తాళంచెవి అమ్మకిచ్చాను. సాయంత్రం రంగు వాసన గుప్పుమన్నా అక్క ఏమీ అడగలేదు. నా దగ్గర ఎప్పుడూ వచ్చేది ఆ వాసనే కదా. తను మాత్రం వరండాలో కూర్చుని రబ్బరు బంతి నొక్కుతూ, పళ్ళ బిగువున నొప్పి భరిస్తోంది. చూడలేక లోపలికి పోయాను.

శనివారం అంతా బిగించాను. ఆదివారం పొద్దున పదింటికి పెట్టె దించి అక్క ముందు పెట్టాను. వాళ్ళొచ్చేది పదకొండింటికి.

అక్క మూత తీసింది. అద్దంలా మెరుస్తోంది. అక్క దాన్నీ, నన్నూ చూసింది.

"ఎవరిది ఇది?" అంది.

"నీదే అక్కా! నేనే చేశాను!"

అక్క బెల్టు భుజానికి తగిలించుకుంది. కళ్ళు మూసుకుని చెయ్యి వేసింది. ముంజెయ్యి జర్రున జారింది. మళ్ళీ వేసింది. మళ్ళీ జారి, వేళ్ళు ఒక తీగ బదులు ఇంకో తీగని తాకాయి. మూడోసారి కళ్ళు తెరిచింది.

"ఇక్కడ రంగు పోయిన చోటుండాలి."

"అదే, బాగుచేసేశాను."

"అది పాడవడం కాదురా. కళ్ళు మూసుకుని చెయ్యి వేస్తే ఆ పల్లం తగిలేది. చెయ్యి అక్కడ ఆగేది. ఇప్పుడీ మణికట్టు వంగదు. ముంజెయ్యి దాని చోట కుదురుకుంటే మిగతాది చూసుకోవచ్చనుకున్నా. ఆ ధైర్యంతోనే వాళ్ళని రమ్మన్నా."

అక్క బెల్టు తీసెయ్యబోయింది.

"ఆ లారీని నేను దాటకుండా ఉండాల్సింది అక్కా," అన్నాను. "తప్పంతా నాదే."

అక్క బెల్టు తీసెయ్యడం ఆపింది. "ఏడు నెలలు పట్టిందా ఆ మాటకి? కార్లకి చేసినట్టే నాకూ చేస్తున్నావనుకున్నా. ఏం కాలేదు అని."

నేను లోపలికి పరుగెత్తి అమ్మ పౌడర్ డబ్బా తెచ్చాను. షెడ్డులో ఎగుడుదిగుళ్ళు తెలియడానికి మేం పొడి అద్దుతాం. అక్క ముంజేతికి పౌడర్ దట్టంగా రాశాను.

"కళ్ళు మూసుకుని వెయ్యి. ఎప్పట్లాగే."

వేసింది, తీసింది. మెరిసే ఎరుపు మీద తెల్లటి ముద్ర. గిటార్ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాను, గరుకు కాగితం అందుకున్నాను. వారమంతా ఆగని చెయ్యి ఇప్పుడు కదలనంది. నా జన్మలో అంత చక్కటి పూత కొట్టలేదు మరి.

"ఊఁ, కానీ," అంది అక్క.

రుద్దాను. మెరుపు తెల్లబడింది, ఎరుపు పోయింది, ప్రైమరు పోయింది, పెట్టిన పుట్టీ పొడిపొడిగా రాలింది. చెక్క కనబడింది. అక్క చెయ్యి పెట్టి చూసి, "ఇంకొంచెం మోచేతి వైపు" అంది. మళ్ళీ రుద్దాను. ఈసారి చెయ్యి ఆగింది. అక్క ఊపిరి వదలడం వినబడింది.

అప్పుడే బెల్లు మోగింది. బ్యాండ్ వాళ్ళు ముగ్గురూ లోపలికొచ్చారు. డ్రమ్స్ వాయించే ఆయన గిటార్ చూసి నోరెళ్ళబెట్టాడు.

"అయ్యయ్యో, కొత్త రంగుని ఇలా గీకేసిందెవరండీ?"

అక్క ఏదో చెప్పబోయింది. నేను లేచి నిలబడ్డాను. "నేనేనండీ. అక్క మెట్ల మీద జారలేదు. ఆ చెయ్యి విరగ్గొట్టిందీ నేనే."

అక్క తలెత్తలేదు, తీగలు శ్రుతి చేసుకుంటోంది.

"వాడి సంగతి తర్వాత చూద్దాం. ముందు పాట కానివ్వండి," అంది.

ఎప్పుడూ వాయించేదాని కంటే నెమ్మదిగా వాయించింది, మధ్యలో రెండుసార్లు తడబడింది. పాట చివరి దాకా చెయ్యి జారలేదు.