నలభై ఒక్క బాక్సులు

నా తాలింపు వాసనకి లీసెస్టర్‌లో ఒకసారి సిటీ బస్సు ఆగిపోయింది. డ్రైవరు ఇంజను ఆపేసి, ముప్పై మంది ప్యాసింజర్లని లోపలే కూర్చోబెట్టి, మా కౌంటరు దగ్గర నిలబడి రెండు ప్లేట్ల పులిహోర తిన్నాడు. ప్యాసింజర్లు గోల చెయ్యలేదా అంటే, వాళ్ళూ దిగొచ్చి లైనులో నిలబడ్డారు. మా టేకవేకి, అంటే పార్సిల్ భోజనం కొట్టుకి, వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ సంగతి చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. సాత్విక ఒక్కతే నవ్వకుండా, "ఏ నంబర్ బస్సు అంకుల్?" అని అడిగింది.

"నంబరెవడు చూశాడమ్మా, పెద్ద బస్సు. అయినా అంకులేంటి, బాబాయ్ అను. ఈ ఊళ్ళో అంకుళ్ళు మరీ ఎక్కువైపోయారు."

అది రెండువేల పదిహేను. సాత్వికది కరీంనగర్. ఇక్కడ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ అయిపోయింది. మా టేకవే సాయంత్రం నాలుగింటికి గాని తెరవరు. పొద్దునపూట వంటగది ఖాళీగా ఉంటుందని తెలిసి, ఓనరు విజయకుమార్ గారిని అద్దెకి అడగడానికి వచ్చింది. వంటగదితోపాటు నేను కూడా అద్దెకి వెళ్ళాను.

కంపెనీ అంటే అద్దాల బిల్డింగు అనుకునేవాణ్ణి. ఆ పిల్ల కంపెనీ అంటే ఒక లాప్‌టాప్, ఒక పాత కారు, నేను. పేరు 'వేళ'. చదువుకునేటప్పుడు సాత్విక ఒక హాస్పిటల్ క్యాంటీన్‌లో పార్ట్‌టైం చేసింది. అక్కడ మన తెలుగు డాక్టర్లు చల్లటి శాండ్‌విచ్ నిలబడి నములుతూ పరుగెత్తడం రోజూ చూసింది. వాళ్ళకి ఎవరూ భోజనం కుదర్చలేరు. ఎందుకంటే వాళ్ళ రోటా, అంటే డ్యూటీ వేళల పట్టిక, వారానికో రకంగా మారుతుంది. ఈ వారం ఒంటిగంటకి తింటే వచ్చే వారం మూడింటికి. అందుకని డాక్టరు తన రోటాని ఫోటో తీసి పంపితే చాలు, ఎవరికి ఏ రోజు ఏ వేళకి బాక్సు వెళ్ళాలో కంప్యూటరే చెప్పేలా ఏదో రాసింది. ఆ రాసిందేమిటో నాకు తెలియదు. నా పేరు రమణ అని రాయడం కూడా నాకు రాదు.

నాకు చదువు రాదని తెలిసిన రోజే సాత్విక ఒక తెల్లబోర్డు కొనుక్కొచ్చి గోడకి కొట్టింది. డాక్టర్లకి పేర్లు రాయకుండా బొమ్మలు వేసింది. కారం ఎక్కువ కావాలనే ఆయనకి మిరపకాయ. వంకాయ పడని ఆవిడకి వంకాయ మీద అడ్డగీత. పిల్లల డాక్టరు పద్మజ గారికి పాలసీసా. పొద్దున్నే బోర్డు చూసి నేను వండేసేవాణ్ణి.

తన వీసా సంగతి కూడా ఆ రోజుల్లోనే చెప్పింది. "నా కంపెనీ నిజమైనదే అని యూనివర్సిటీ మాట ఇచ్చింది బాబాయ్. అందుకే ఏడాది ఉండనిస్తున్నరు. ఏడాది అయినంక వచ్చి చూస్తరు. మల్ల మాట ఇస్తే ఇంకో ఏడాది. ఇయ్యకపోతే నేను, నా సూట్‌కేసు."

"ఇవ్వకపోవడమేంటి! నేనుండగా!" అన్నాను.

మొదట్లో ఉగాదికి తెలుగువాళ్ళంతా చేరిన హాలులో అందరికీ ఊరికే రుచి చూపించాం. జనం విరగబడ్డారు. ఒక ఆంటీ అయితే నా గుత్తివంకాయ తిని కళ్ళు మూసుకుని, తెరవడానికి పావుగంట పట్టింది. నూట ఇరవై మంది పేర్లిచ్చారు. నేను ఆ రోజే పెద్ద గిన్నెలు కొనేద్దామన్నాను. తీరా సోమవారం బాక్సు తీసుకున్నది తొమ్మిది మంది.

నాకు తల కొట్టేసినట్టయింది. సాత్విక మాత్రం ఆ మిగతా నూట పదకొండు మందికీ వరసగా ఫోన్లు చేసింది. ఎందుకు తీసుకోలేదు అని. ఒకరు మొహమాటానికి పేరిచ్చామన్నారు. ఒకరు గోంగూరలో వెల్లుల్లి వాసన స్టాఫ్‌రూమంతా కొడుతుందన్నారు. ఇంకొకరు మూత తెరవడానికి రెండు చేతులూ కావాలి, మాకు అంత తీరిక ఎక్కడిదన్నారు. అన్నీ రాసుకుంది.

"అంతమంది వద్దన్నాక ఇంకా ఎందుకమ్మా గోక్కోవడం?" అన్నాను.

"మెచ్చుకున్నోళ్ళతోని నాకేం పని లేదు బాబాయ్. మల్ల రెండోసారి తీసుకున్నోళ్ళే లెక్క. వద్దన్నోళ్ళు ఎందుకు వద్దన్నరో చెప్తే అది నాకు ఫీజు లేని పాఠం."

వెల్లుల్లి తగ్గించాం. ఒంటిచేత్తో తెరుచుకునే మూతల బాక్సులు తెప్పించాం. వాటిని అమ్మేవాడు మూడువందల బాక్సులకి తక్కువ ఇవ్వనంటే మూడువందలూ కొని స్టోర్‌రూమ్‌లో పెట్టాం. తొమ్మిది పధ్నాలుగయింది. ముగ్గురు మానేశారు, మళ్ళీ పదిహేను. ఏడాది తిరిగేసరికి బోర్డు మీద నలభై ఒక్క బొమ్మలు. ఒక్కొక్కటీ పడిన రోజు ఆ పిల్ల మొహం ఎలా ఉండేదో నాకిప్పటికీ గుర్తే. ముప్పై మూడో బొమ్మ పడ్డ రోజున నేను పాయసం వండాను. ఆ ఆవిరికి కిటికీ అద్దాలు రెండు రోజులు తియ్యగా ఉన్నాయి.

యూనివర్సిటీ నుంచి హెలెన్ అనే ఆవిడ బుధవారం పదకొండింటికి చూడడానికి వస్తుందని కబురొచ్చింది.

మా రాజమండ్రి వైపు ఒక అలవాటు ఉంది. పిల్లనిచ్చేవాళ్ళు పెళ్ళికొడుకు గురించి వాకబుకి వస్తే, ముందు వీధి చివర టీ కొట్టు దగ్గర అడుగుతారు. ఆ కొట్టులో నేను పన్నెండేళ్ళు పనిచేశాను. రెండెకరాలుంటే పదెకరాలనాలి. గుమాస్తా అయితే ఆఫీసరనాలి. ఉన్నది ఉన్నట్టు చెబితే కుర్రాడికి ఏదో లోపం ఉందనుకుంటారు. వచ్చినవాళ్ళకీ తెలుసు, సగానికి సగం తగ్గించుకునే వింటారు. అలా నేను నోటితో మూడు పెళ్ళిళ్ళు చేశాను. ముగ్గురూ ఇప్పటికీ కాపురం చేసుకుంటున్నారు. హెలెన్ వస్తుందనగానే నాకు వాకబు అనే అనిపించింది. మా పిల్లని చూసుకోవడానికి వస్తున్నారు. నలభై ఒకటి అని చెబితే సగానికి తగ్గించి ఇరవై అనుకుంటారు. ఇరవై బాక్సులకి వీసా ఎవరిస్తారు?

బుధవారం పొద్దున సాత్విక ఆవిణ్ణి తీసుకురావడానికి బస్టాపుకి వెళ్ళింది. నేను స్టోర్‌రూమ్‌లోంచి ఖాళీ బాక్సులన్నీ తెచ్చి బల్లల మీద సీలింగు దాకా పేర్చాను. తర్వాత బోర్డు కేసి చూశాను. ఆ నలభై ఒక్క బొమ్మలూ మరీ చిన్నగా, చిన్నపిల్లల పలకలా కనిపించాయి. తడిగుడ్డ తీసుకుని తుడిచేశాను. మిరపకాయ, పాలసీసా, అన్నీ. రేపు మళ్ళీ వేసుకోవచ్చులే అనుకున్నాను.

సాత్విక లోపలికి వస్తూనే గుమ్మంలో ఆగిపోయింది. "బాబాయ్, బోర్డు ఏమైంది?" అంది మెల్లగా.

"నువ్వు ఊరుకోమ్మా. నేను చూసుకుంటాగా."

హెలెన్ మంచి మనిషి. నా పులిహోర తిని మళ్ళీ అడిగి పెట్టించుకుంది. తన ఇంగ్లీషు నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా మాట్లాడింది. రోజుకి ఎన్ని బాక్సులు వండుతారని అడిగింది.

"త్రీ హండ్రెడ్ మేడమ్," అన్నాను. "డైలీ."

ఆవిడ పెన్ను ఆగింది. నాకు ఉత్సాహం వచ్చింది. "లీసెస్టర్ ఓన్లీ నాట్. షెఫీల్డ్ డాక్టర్స్ ఆస్కింగ్. ఎడిన్‌బర్గ్ డాక్టర్స్ క్రయింగ్!"

హెలెన్ నవ్వలేదు. సాత్విక వైపు తిరిగి, ఇది నిజమేనా అని అడిగింది.

సాత్విక నా వైపు చూసింది. నేను ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాను. చెల్లెలి పెళ్ళి కుదిర్చినవాడిలాగా. ఆ పిల్ల ఒక నిమిషం నన్ను అలాగే చూసింది. తర్వాత అవునన్నట్టు తల ఊపింది.

హెలెన్ ఏదో రాసుకుంది.

ఆవిడ వెళ్ళాక సాత్విక స్టూలు మీద కూర్చుంది. "నేను ఇచ్చిన రిపోర్టుల నలభై ఒకటి అని ఉంది బాబాయ్."

"దానికేముంది, మూడువందలంటే ఇంకా మంచిదేగా?"

"రెండు లెక్కలయినయ్. ఏది నిజమని అడుగుతరు."

"మరి ఆవిడ అడిగినప్పుడు కాదని చెప్పలేకపోయావా?"

"నీ ముంగటనా? నీ వంటింట్ల నిన్ను అబద్ధాలోడివి అని బయటి మనిషికి ఎట్ల చెప్పుదు?" అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. లేచి మార్కరు తీసుకుని బోర్డు మీద మళ్ళీ మొదటి బొమ్మ వెయ్యడం మొదలుపెట్టింది.

ఆ రోజే హెలెన్‌కి మెయిలు పెట్టింది, నలభై ఒకటే నిజమని. రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. సాత్వికే చదివి చెప్పింది. కాగితం మీద ఒక లెక్క, ఎదురుగా నిలబడి ఒప్పుకున్నది ఇంకో లెక్క, మళ్ళీ మెయిల్లో మొదటి లెక్క. ఈ కంపెనీ గురించి ఇక మాట ఇవ్వలేమని యూనివర్సిటీ కమిటీ వాళ్ళు రాశారు. అరవై రోజుల్లో వెళ్ళిపోవాలి.

నేను పద్మజ గారి కాళ్ళావేళ్ళా పడి, ఆవిడ చేత సెలవు పెట్టించి, తోడు తీసుకుని హెలెన్ ఆఫీసుకి వెళ్ళాను. "చెప్పండి డాక్టరు గారండీ, తప్పు నాది, ఆ పిల్లది కాదని చెప్పండి. నాకు నోరు ఊరుకోదని చెప్పండి. బస్సు కూడా ఆగలేదని చెప్పండి."

"బస్సేంటండీ?" అన్నారు పద్మజ గారు.

"అదీ చెప్పండి. ఒక్క డ్రైవరు, డ్యూటీ దిగాక వచ్చి, ఒక్క ప్లేటు తిన్నాడండి. అంతే."

హెలెన్ అంతా విన్నది. చాలాసేపు మాట్లాడింది. పద్మజ గారు ఒక్కొక్క మాటే తెలుగులో చెప్పారు. నన్ను నమ్ముతుందట. కాని కమిటీ తేల్చేశాక ఇక తన చేతిలో లేదట. చివర్న ఏదో అంది. ఆ ముక్క మాత్రం పద్మజ గారు చెప్పలేదు.

తిరుగు బస్సులో రెండుసార్లు అడిగితే గాని నోరు విప్పలేదు.

"నలభై ఒకటి చాలునట రమణ గారూ. మొదటి ఏడాది కంపెనీలకి పది మంది నికరంగా ఉంటేనే గొప్పట. ఆవిడ మన దగ్గరికి వచ్చేటప్పటికే, మాట ఇద్దామనే అనుకుని వచ్చిందట."



సాత్విక వెళ్ళేముందు నలభై ఒక్క మందికీ తనే ఫోను చేసి, రేపట్నుంచి బాక్సు రాదని చెప్పింది. ఎందుకని అడిగినవాళ్ళకి, కంపెనీ మూసేస్తున్నానంది, అంతే. తప్పు ఎవరి మీదా వెయ్యలేదు. నేను పక్కనే ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. ఆ రోజు ఎవరికీ వంట లేదు. అయినా తరిగాను.

సెయింట్ మార్గరెట్స్ బస్ స్టేషన్‌కి సూట్‌కేసు నేనే మోశాను. పొద్దున్నే చినుకులు. హీత్రో ఎయిర్‌పోర్టుకి వెళ్ళే కోచ్ బస్సు ఇంకా రాలేదు. దారంతా ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను. గవర్నమెంటు రూల్సే మారిపోయాయట, మూడువేల బాక్సులున్నా ఇచ్చేవాళ్ళు కాదట, మన తప్పేం లేదట. మంచి అబద్ధం. ఎవరైనా నమ్ముతారు. పిల్లకి కాస్త మనశ్శాంతి.

"హెలెన్ ఏమన్నది బాబాయ్?" అని అడిగింది.

నోరు తెరిచాను. ఏ నంబర్ బస్సు అని అడిగిన పిల్ల నా మొహంలోకే చూస్తోంది.

"నలభై ఒకటి చాలునందమ్మా."

 సాత్విక గొడుగు నా వైపుకి వంచి, "నేను గూడ తల ఊపిన గద బాబాయ్," అంది.

కోచ్ వచ్చింది. కిటికీలోంచి చెయ్యి ఊపిందో లేదో తెలియదు, అద్దం మీద నీళ్ళు.

ఇది జరిగి మూడేళ్ళయింది. బోర్డు ఇంకా గోడకే ఉంది. కంపెనీలు పెడతామనే కుర్రాళ్ళు వచ్చి కౌంటరు దగ్గర కూర్చుంటారు. మాకేమైనా చెప్పు బాబాయ్ అంటారు. నేను వాళ్ళకి ఈ బోర్డు చూపిస్తాను, ఈ కథంతా చెబుతాను. నిన్న చక్రి అనే కుర్రాడు కళ్ళార్పకుండా విన్నాడు.

"అయితే ఆవిడ ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద కంపెనీ పెట్టేసుంటుంది, కదా బాబాయ్?"

నా నాలుక చివర అప్పటికే ఒక మేడ లేచింది. పది అంతస్తులు, అన్నీ అద్దాలే, గేటు దగ్గర నలుగురు వాచ్‌మన్లు.

"లేదురా," అన్నాను. "ఎక్కడో ఉద్యోగం చేసుకుంటోంది. మళ్ళీ కంపెనీ మాట ఎత్తలేదు."

పెనం మీద దోసె మాడుతోంది. తిప్పాను.

"ఇవాళ ఎంతమంది వచ్చారు బాబాయ్ షాపుకి?" అన్నాడు చక్రి, మాట మార్చడానికి.

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను.

"నీతో కలిపి ఆరుగురు."