బ్రేకులకు మాటలు రావాలా?

టైలరు కారు ఎక్కడ ఆగుతుందో టైలరుకే తెలియదు. నిన్న సాయంత్రం గేటు దగ్గర ఆగాల్సింది కాస్తా, ఆయన భార్య కళ్ళల్లో పెట్టుకుని చూసుకునే గులాబీ కుండీని పచ్చడి చేసి మరీ ఆగింది.

"ఈ డొక్కును పాత సామాన్లవాడికిచ్చెయ్యండి," అందావిడ.

"ముందు నీ నోటికి బ్రేకులు వేయించుకో," అని నోరు జారాడు టైలరు.

దాంతో పందెం పడింది. ఎదుటి మనిషితో ముందు ఎవరు మాట్లాడితే వాళ్ళు ఓడినట్టు. కాగితం మీద రాసినా మాట్లాడినట్టే లెక్క. ఆవిడ ఓడితే కారు ఉంటుంది, ఆయన ఓడితే పోతుంది. ఆయనకేమో ఆ కారంటే పంచప్రాణాలు.

తెల్లారగానే కారును జాకీ మీద లేపి, ముందు చక్రాలు ఊడదీశాడు. బ్రేకు ఆయిల్ వెళ్ళే రబ్బరు గొట్టాలు కాస్త వంచితే చాలు, నెర్రెలు విచ్చుకుంటున్నాయి. ఒకటైతే ఉబ్బి, చెమర్చింది కూడా. షాపుకెళ్ళి కొత్తవి తెచ్చి, మెలిపడకుండా బిగించి, ఆయిల్ పోశాడు. అంతవరకూ బాగానే ఉంది. ఇక లోపల చేరిన గాలి తీయాలి. దానికి ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేయాలి. ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఆ ఇద్దరికీ మాటల్లేవు.

వంటింటి గుమ్మంలో నిలబడి కుడికాలు నేలకేసి నొక్కి చూపించాడు. ఆవిడ బొద్దింకనుకుని చీపురు తెచ్చింది. తల బాదుకుని, ఈసారి కారు వైపు చూపిస్తూ కుట్టుమిషను తొక్కినట్టు అభినయించాడు. ఆయనతో సమానంగా మిషను తొక్కే మనిషి, అది ఇట్టే అర్థమైంది. వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని, అర్జెంటు జాకెట్టు కుడుతున్నట్టు టకటకా తొక్కేసింది. సరిగ్గా అప్పుడే ఆయన నట్టు వదులు చేశాడు. బ్రేకు ఆయిల్ చివ్వున లేచి మీసాలు తడిపింది. నోటిదాకా వచ్చిన తిట్టును దిగమింగి, కుళాయి దగ్గరకు పరిగెత్తాడు.

ముఖం కడుక్కొచ్చి, చేతులు నొప్పెట్టేదాకా సైగలు చేస్తే ఒప్పందం కుదిరింది. స్పానరుతో ఒక దెబ్బ కొడితే తొక్కిపట్టాలి, రెండు కొడితే వదిలెయ్యాలి. అలా కొట్టగా తొక్కగా బుడగలన్నీ పోయాయి. పెడల్ గట్టిపడింది.

ఎలా ఉందో చూద్దామని నెమ్మదిగా కారును వీధిలోకి తీశాడు. పక్క సీట్లో ఆవిడ మూతి ముడుచుకుని కూర్చుంది. మలుపు తిరిగారో లేదో, దారికడ్డంగా ఒక మేక.

"ఆగు తల్లీ, ఆగు!" అని కేక పెట్టిందావిడ.

ఆయన తొక్కాడు. కారు ఠక్కున ఆగింది. మేక వీళ్ళవంక ఓసారి చూసి, నమలడం మానకుండానే పక్కకు జరిగింది.

"ఓడిపోయావ్! నువ్వే ముందు మాట్లాడావ్!" టైలరు సీట్లోనే గంతేశాడు.

"నేను కారుతో మాట్లాడాను," అందావిడ తాపీగా. "మీరు నాతో మాట్లాడారు."

టైలరు స్టీరింగును చేత్తో నిమిరాడు. ఏడుపొక్కటే తక్కువ.

"అయితే... ఎప్పుడిచ్చెయ్యమంటావు?"

"దేన్ని? ఇన్నేళ్ళకి ఈ ఇంట్లో నా మాట వినేది ఒకటి దొరికితే వదులుకుంటానా?" అని డోరు తీసిందావిడ. "మీరిటు వచ్చి కూర్చోండి. నేను నడుపుతాను."