పదకొండు కాకులు

"ఒసేయ్, ఆ చేతులు కప్పుకోవే. ఈ దోమల్ని చూస్తుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు," అంది తల్లి, కూతురి చొక్కా చేతులు కిందికి లాగుతూ.

కూతురు నవ్వేసింది. వాళ్లిద్దరూ కూలికి వెళ్లే పాత టైర్ల యార్డులో అందరూ తల్లిని చూసి నవ్వేవాళ్లే. ఆమెకు భయాలమ్మ అని పేరు పెట్టిందీ వాళ్లే. కూతురు తుమ్మితే క్షయ అని హడలిపోయే మనిషి మాట ఎవరు పట్టించుకుంటారు?

ఆ ఏడు ఎండలకు పక్కనున్న కుంట ఎండి మురికి గుంటయింది. చుట్టుపక్కల చెట్లన్నీ కొట్టేయడంతో కాకులు యార్డు గోడ వెంట మిగిలిన నాలుగు చెట్ల మీదే వాలాయి. తర్వాత కురిసిన వానకు వేల టైర్లలో నీళ్లు నిలిచాయి. టైరు కోస్తేనే కూలి. నీళ్లు పారబోస్తే ఎవరూ పైసా ఇవ్వరు. అందుకే కోయబోయే టైరులోని నీళ్లను, కాళ్ల కింద బురద కాకుండా, పక్క టైరులోకే ఒంపేవారు. తల్లీ అలాగే ఒంపింది.

కాకులు చచ్చి రాలడం మొదలయ్యాక మేస్త్రీ తల్లినే పిలిచి వాటిని పూడ్చమన్నాడు. బయట తెలిస్తే యార్డుకు తాళం పడుతుందనీ, తల్లీకూతుళ్లు రోడ్డున పడతారనీ చెప్పాడు.

"అయినా నువ్వు చెప్తే ఎవరు నమ్ముతారులే, భయాలమ్మా," అని నవ్వాడు కూడా.

కాకులు రాలడం మొదలైన మూడో వారంలో కూతురు కోత మిషన్ దగ్గరే కుప్పకూలింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మెడ వంగడం లేదు. ఆసుపత్రి మంచం మీద కన్నతల్లిని చూసి ఎవరు నువ్వని అడిగింది.

ఆసుపత్రి వాళ్లు కబురు చేయడంతో రెండ్రోజులకు ఆరోగ్యశాఖ ఉద్యోగిని యార్డుకు వచ్చింది. జబ్బుపడ్డ పక్షులను కుట్టిన దోమ మనిషిని కుడితే ఇలాంటి జ్వరమే వస్తుందని, దానికి విరుగుడు మందు లేదని కూలీలకు చెప్పింది.

"ఇక్కడ పక్షులేమైనా చచ్చాయా?"

కూలీలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మేస్త్రీ తల్లి వంకే చూస్తున్నాడు. కూలి పోతే కూతురి మంచం దగ్గరికి ఏ మొహంతో వెళ్లాలి? తల్లి వంగి ఇంకో టైరును మిషన్ వైపు దొర్లించబోయింది. ఉద్యోగిని రాసుకోవడానికి తెచ్చిన కాగితం మడిచి, గేటు వైపు నడిచింది.

తల్లి కళ్లు పక్కనున్న టైరు మీద పడ్డాయి. మొన్న తను ఒంపిన నీళ్లే. అందులో దోమపిల్లలు మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ ఈదుతున్నాయి.

"ఆగమ్మా," అంది. "పదకొండు కాకులు. నా చేతుల్తోనే పూడ్చాను. రండి, చూపిస్తాను."